సదానందానికి వంట రాదు

ఆ రోజుకు నర్మద వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే మొదటి బస్సెక్కి కరీంనగర్ పోవాలి. పరీక్ష జరిగే బడి వరండాలో ఓ మూల కూర్చుని సూత్రాలు ఒకసారి చూసుకోవాలి. గంట కొట్టగానే లోపలికి పోయి పదో తరగతి లెక్కల పేపరు రాయాలి. మధ్యాహ్నానికి ఇంటికి తిరిగి రావాలి. ఇందులో ఎవరినీ ఇబ్బంది పెట్టేది ఏమీ లేదు. కానీ ఆమె ఇంట్లో ఇద్దరు మగవాళ్ళున్నారు.

నర్మదకు నలభై దాటాయి. జగిత్యాల రోడ్డు మీది ఓ ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తుంది. పిల్లల ముక్కులు తుడిచేదీ, చేతులు కడుక్కోవడం, తిన్న పళ్ళెం తీసి పక్కన పెట్టడం నేర్పేదీ ఆమే. టీచరమ్మ ఈ ఏడాది చివర రిటైరవుతోంది, పది పాసైతే ఆ ఉద్యోగం నీదేనని సూపర్‌వైజర్ చెప్పింది. నర్మద ఓపెన్ స్కూల్లో చేరి లెక్కలు తప్ప అన్నీ దాటేసింది. లెక్కలు మాత్రం రెండుసార్లు పోయాయి. మొదటిసారి పరీక్షకు ముందురోజు ఆడబిడ్డ పిల్లలతో సహా దిగింది. రెండోసారి అత్తగారి సంవత్సరీకం వచ్చింది. రెండుసార్లూ చదువుకోవాల్సిన పూట గారెలు వేస్తూ గడిపింది. ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం పక్క ఊరి అమ్మాయికి పోతుంది. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా తాను మాత్రం పరీక్ష రాస్తానని నర్మద ఇంట్లో ముందే చెప్పి పెట్టింది.

ఆమె భర్త సదానందం పన్నెండేళ్ళు దుబాయిలో పనిచేసి కిందటి దసరాకు పూర్తిగా వచ్చేశాడు. వచ్చినవాడు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇప్పటికీ అందులోనే ఉన్నాడు. నీళ్ళు కావాలంటే పిలుస్తాడు, చాయ్ కావాలంటే దగ్గుతాడు. పరీక్షకు ముందురోజు సాయంత్రం కూడా ఆ కుర్చీలోంచే కబురు చెప్పాడు.

"రేపు అంబదాస్ వస్తుండు, ఆదిలాబాద్ కెల్లి. పన్నెండేండ్లు ఒక్క రూంల ఉన్నం మేము. మంచిగ నాటుకోడి కూర, బగార అన్నం వండాలె."

"రేపు నాకు పరీక్ష," అంది నర్మద.

"పరీక్ష మళ్ళ రాయచ్చు. దోస్తు మళ్ళ వస్తడా?"

"ఎందుకు రాడు? ఆదిలాబాద్ నుంచి రోజుకు ఎన్ని బస్సులున్నయో నీకు తెల్వదా?"

"మరి ఎవలు వండాలె?"

"ఇంట్ల ఇద్దరు మొగోళ్ళున్నరు గదా."

సదానందం నిజంగానే ఒకసారి చుట్టూ చూశాడు, ఆ ఇద్దరూ ఎవరా అన్నట్టు. తర్వాత నవ్వాడు. "నాకు పొయ్యి ముట్టిచ్చుడు గూడ రాదని నీకు తెల్వదా ఏంది?"

అక్కడ ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నర్మద నేర్పుదామనుకుంది. రోజూ మూడేళ్ళ పిల్లలకు నేర్పే మనిషి, ఇద్దరు పెద్దవాళ్ళకు నేర్పలేనా అని ఆమె ధీమా. భర్తను కుర్చీలోంచి లేపి, కొడుకు నరేశ్‌ను మంచం మీదినుంచి లేపి, ఇద్దరినీ వంటింట్లో నిలబెట్టింది. నరేశ్ మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి ఏడాదిగా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వంటింట్లోకి రావడం వాడికి కొత్త. ఫ్రిజ్ వరకే దారి తెలుసు.

"గిది కుక్కరు. బియ్యం కడిగి దీంట్ల పోసి పెడుత. పొద్దుగాల నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టాలె. మూడు విజిల్‌లు రాంగనే బంద్ చెయ్యాలె. మసాల నూరి పెడుత, ఉల్లిగడ్డలు మీరు కోసుకోండ్రి. తెలిసిందా?"

"ఆఁ," అన్నాడు నరేశ్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

సదానందం ఉల్లిగడ్డను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొట్టు తీసి కొయ్యాల్నా, తియ్యకుంటనా?"

నర్మదకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తర్వాత ఆమె అన్న మాటలు గోడ దాటి పక్కింటి బాలలక్ష్మికి స్పష్టంగా వినిపించాయి. సదానందం కూడా గొంతు పెంచాడు. "పరీక్ష లేదు గిరీక్ష లేదు, ఎట్ల పోతవో చూస్త!" అని గట్టిగా అరిచి, చెప్పులేసుకుని చాయ్ హోటల్‌కు పోయాడు. ఓడిపోయిన మగవాడు ఊళ్ళో ఇంకెక్కడికి పోతాడు?

హోటల్లో బాలలక్ష్మి భర్త కొమురెల్లి ఉన్నాడు. ఆయనా దుబాయి మనిషే, రెండేళ్ళ కింద వచ్చేశాడు. కొమురెల్లి, "ఏమన్నా, వదినె రేపు పరీక్షకు పోతుందట గదా?" అని ఊరికే అడిగాడు. నలుగురి ముందు భార్య మాట నెగ్గిందని చెప్పడానికి సదానందానికి నోరు రాలేదు.

"ఏడికి పోతది? బంద్ చేపిచ్చిన. దోస్తు వస్తుండు, ఇంట్ల కూసొని వండుమన్న. గడప దాటితె చూడు మరి అన్న."

"గట్ల ఉండాలె," అని నలుగురూ మెచ్చుకున్నారు. సదానందం చాయ్ డబ్బులు అందరివీ తానే కట్టాడు.

తెల్లారి చీకటి విడవకముందే నర్మద బయలుదేరింది. వెలుతురు వచ్చేదాకా ఉంటే ఎవరో ఒకరు చాయ్ అడుగుతారని ఆమె భయం. మొదటి బస్సులో కండక్టర్ తప్ప ఊరివాళ్ళెవరూ లేరు, కాబట్టి ఆమె పోవడం ఎవరూ చూడలేదు. పరీక్ష బడి దగ్గర ఫోన్ ఆపేసి, సంచీతో సహా గేటు దగ్గర అప్పగించి, హాలు టికెట్ పట్టుకుని పై అంతస్తులో తన బల్ల దగ్గరికి పోయి కూర్చుంది.

ఇక్కడ ఇంట్లో సదానందం పొద్దెక్కాక లేచాడు. చాయ్ కోసం రెండుసార్లు దగ్గాడు, ఎవరూ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. కొడుకును లేపి, "నేను కోడి తెస్త, నువ్వు గా కుక్కరు పెట్టు" అని చెప్పి బయటపడ్డాడు. నాటుకోడి అమ్మే ఇల్లు ఊరి అవతల ఉంది. అక్కడ కూర్చుని మాట్లాడటానికి అరుగు కూడా ఉంది. అరుగు మీద కూర్చున్నాక అంబదాస్ ఫోన్ చేశాడు, బస్సు జగిత్యాల దాటిందని. సదానందం కొడుక్కి ఫోన్ చేసి, బండి తీసుకుని బస్సు స్టేజీ దగ్గరికి పోయి అంబదాస్ కాకను ఎక్కించుకుని రమ్మన్నాడు.

నరేశ్ అప్పుడే కుక్కర్ మూత పెట్టాడు. బియ్యం తల్లి పోసి పెట్టింది. నీళ్ళ సంగతి కూడా తల్లి చెప్పింది, కానీ అప్పుడు వాడి చెవులు వేరే పనిలో ఉన్నాయి. ఆవిరి గురించీ, దాని ఒత్తిడి గురించీ ఒక పుస్తకమంతా చదివి ఫస్ట్ క్లాసులో పాసైన కుర్రాడు, ఆవిరి దేంట్లోంచి వస్తుందని ఒక్క క్షణం ఆలోచించలేదు. మంట పెద్దది పెట్టాడు, తొందరగా అవుతుందని. విజిల్ వచ్చాక అదే ఆగిపోతుందని వాడి నమ్మకం, హాస్టల్లో వేణ్ణీళ్ళ కెటిల్ అలాగే ఆగేది కదా. తలుపు దగ్గరికి లాగి, బయటినుంచి తాళం వేసి, స్టేజీకి పోయాడు. పదహారేళ్ళు ఫీజులు కట్టి చదివించిన చదువు అది. నర్మద మిషన్ మీద జాకెట్లు కుట్టి మరీ కట్టింది.

బస్సు ఆలస్యమైంది. బియ్యం మాడింది. తర్వాత మూత రబ్బరు కాలింది. తర్వాత పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలు ఒక్కొక్కటే కరిగాయి. వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ బయటికొచ్చి బాలలక్ష్మి ఆరేసిన బట్టల మీదికి మళ్ళింది. బట్టలు తీయడానికి వచ్చిన బాలలక్ష్మి పొగ చూసింది. తర్వాత వాకిలి వైపు వచ్చి తాళం చూసింది.

ఆమె తప్పుగా ఆలోచించిందని ఎవరూ అనలేరు. లోపల పొయ్యి వెలుగుతోందంటే లోపల నర్మద ఉన్నట్టే. ఆ ఊళ్ళో దానికి వేరే అర్థం ఇంతవరకు ఎవరికీ తోచలేదు. నర్మద లోపలుంది, తాళం బయట ఉంది. రాత్రి "ఎట్ల పోతవో చూస్త" అన్న అరుపు తన చెవులతో విన్నది. "గడప దాటితె చూడు" అన్న ముక్క మొగుడు హోటల్ నుంచి మోసుకొచ్చాడు.

"ఓ నర్మదా!" అని కేకేసింది. జవాబు లేదు. "ఓరి వీని చెయ్యిరుగ! పరీక్షకు పోనియ్యకుంట ఇంట్లేసి తాళమేసిండు! లోపట పొగకు సొమ్మసిల్లి పడ్డట్టుంది, ఉర్కుండ్రి!"

వాడ మొత్తం ఉరికొచ్చింది. కొమురెల్లి గడ్డపార తెచ్చి తాళంతో పాటు తలుపు కూడా పగలగొట్టాడు. నలుగురు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి వంటింట్లోకి, వంటింట్లోకి అందకపోతే ముందు గదిలోకి, ముందు గదిలో టీవీ మీదికి గుమ్మరించారు. కొమురెల్లి ముక్కుకు తువ్వాల కట్టుకుని పోయి గ్యాసు బంద్ చేశాడు. పొగ తగ్గాక అందరూ కలిసి నర్మద కోసం వెతికారు. మంచం కింద చూశారు, బీరువా వెనక చూశారు. నర్మద లేదు. ఈలోపు బాలలక్ష్మి ఫోన్ చేయడం, ఊరి పక్క గ్రానైట్ క్వారీలో పనిచేసే నర్మద తమ్ముడు సాంబయ్య బయలుదేరడం కూడా జరిగిపోయాయి.

సరిగ్గా అప్పుడే సదానందం, కాళ్ళు కట్టేసిన నాటుకోడిని చంకలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు.

"నర్మద ఏది?" అంది బాలలక్ష్మి.

"పరీక్షకు పోయింది. గిదేంది? నా తలుపెవలు పలగ్గొట్టిండ్రు?"

"పరీక్షకు పోయిందా? రాత్రి హోటల్ల బంద్ చేపిచ్చిన అన్నవు గదనే!" అన్నాడు కొమురెల్లి.

సదానందం కోడిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "అన్న... అంటె అన్న. గని పోయింది."

"పరీక్షకు పోతె పొయ్యెవలు ముట్టిచ్చిండ్రు?"

"నా కొడుకు."

 జనమందరికీ ఒకేసారి కోపమొచ్చింది. "నీ కొడుకు పొయ్యి ముట్టిచ్చిండా? అబద్ధమాడినా జర అతికేటట్టు ఆడు సదానందం!" అని బాలలక్ష్మి మీదికొచ్చింది. నర్మద ఫోన్‌కు చేసి చూశారు, స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఆ మాటతో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. నరేశ్‌కు చేస్తే ఎత్తలేదు. వాడు స్టేజీ దగ్గర చెట్టు కింద ఫోన్‌లో ఆట ఆడుకుంటున్నాడు, మధ్యలో ఫోన్ వస్తే ఆట పోతుందని కట్ చేస్తున్నాడు.

సాంబయ్య క్వారీ నుంచి ట్రాలీ ఆటోలో తోటి పనివాళ్ళతో సహా దిగాడు. దిగీ దిగగానే బావ కాలర్ పట్టుకున్నాడు.

"మా అక్కను ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలేదురా! కరీంనగర్ల పరీక్ష రాస్తుంది!"

"చూపెట్టు. ఇప్పుడే చూపెట్టు. లేకుంటె నిన్ను గీడ్నే పాతిపెడుత."

ట్రాలీలో ఎంతమంది పడతారో అంతమంది ఎక్కారు. పట్టనివాళ్ళు బైకుల మీద వెనకే వచ్చారు. సదానందాన్ని మధ్యలో కూర్చోబెట్టారు. కోడిని కింద పెట్టడానికి కూడా ఎవరూ సమయం ఇవ్వలేదు కనుక అది ఆయన ఒళ్ళోనే ఉంది. దారి పొడుగునా అది అరుస్తూనే ఉంది. ఆ మాత్రం అరిచే స్వేచ్ఛ సదానందానికి లేదు.

పరీక్ష బడి గేటు దగ్గర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. "గీడ పరీక్ష నడుస్తుంది. కోడిని తీసుకొని ఎటు పోతున్నరు?"

"మా అక్క బతికున్నదా లేదా చూడాలె," అన్నాడు సాంబయ్య. "బతికున్నదని వీడంటుండు. మాకు నమ్మకం లేదు."

కానిస్టేబుల్‌కు సర్వీసులో ఇలాంటి విన్నపం రాలేదు. ఆయన లోపలికి కబురు పంపాడు. కబురు గేటు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి మెట్లెక్కి పై హాలుకు చేరేలోపు కాస్త కాస్త పెరిగింది. చివరికి పరీక్షల పెద్ద సారే స్వయంగా చెమటలు తుడుచుకుంటూ నర్మద బల్ల దగ్గరికి వచ్చాడు.

నర్మద అప్పుడు ఒక లెక్క దగ్గర ఆగి ఉంది. ఒక పనిని ఇద్దరు కలిసి ఆరు రోజుల్లో చేస్తారు. మొదటి మనిషి ఒక్కరే చేస్తే పది రోజులు పడుతుంది. రెండో మనిషి ఒక్కరే చేస్తే ఎన్ని రోజులు? నర్మద ఆ రెండో మనిషి గురించే ఆలోచిస్తోంది.

"అమ్మా, నర్మద అంటే మీరేనా?"

"నేనే సార్."

"మీ తమ్ముడు వచ్చాడు. వెనక ఊరంతా వచ్చింది. మిమ్మల్ని బయటికి రమ్మంటున్నారు."

నర్మద బల్ల దగ్గర లేచి నిలబడింది. "ఎవలన్న సచ్చిపోయిండ్రా సార్?"

ఆయన తటపటాయించాడు. "మీరేనంటమ్మా."

హాల్లో పెన్నులన్నీ ఆగిపోయాయి. నర్మద తన చేతి వైపు చూసుకుంది. పెన్ను వేళ్ళ మధ్యే ఉంది.

"ఇంట్లో పెట్టి తాళం వేశారట. ఇల్లు కాలిందట. మీ ఆయనేమో మీరు ఇక్కడున్నారంటున్నాడు, వాళ్ళు నమ్మడం లేదు."

"నా కొడుకు?"

"అబ్బాయికి ఏమీ కాలేదట. కుక్కర్ పెట్టింది ఆ అబ్బాయేనట. గ్యాసు ఎవరో ఆపేశారట."

నర్మదకు సంగతంతా అర్థమైంది. ఎవరూ చెప్పకపోయినా కుక్కర్లో నీళ్ళు లేవని కూడా అర్థమైంది. కళ్ళ ముందు మాడిన వంటిల్లు కనబడింది. ఆ వెనకే గారెల మూకుడు, రెండుసార్లు తప్పిన లెక్కల పేపరు, పక్క ఊరి అమ్మాయి వరసగా కనబడ్డారు.  ఒక్క పూట. ఒకే ఒక్క పూట అడిగింది ఆ ఇంటిని.

"ఇప్పుడు నేను బయటికి పోతె మళ్ళ లోపటికి రానిస్తరా సార్?"

"లేదమ్మా. రూలు ఒప్పుకోదు."

"అయితె పోను. సచ్చినోళ్ళకు తొందరేమున్నది? పేపరు అయినంక వస్తనని చెప్పుండ్రి."

"నోటి మాట నమ్మరమ్మా వాళ్ళు. గేటు విరగ్గొట్టేలా ఉన్నారు. కనీసం కిటికీలోంచి ఒకసారి కనిపించండి."

నర్మద కిటికీ దగ్గరికి వచ్చింది. కింద జనం, జనం మధ్య మొగుడు, మొగుడి చంకలో కోడి. ఆమెను చూడగానే బాలలక్ష్మి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సాంబయ్య ఏడ్చేశాడు.

"సాంబయ్యా! బతికే ఉన్న!" అని అరిచింది నర్మద. "గాడ్నే నిలబడు. నేను వచ్చేదాంక మీ బావను పోనియ్యకు!"

సాంబయ్య అక్క మాటను అక్షరాలా పాటించాడు. కాలర్ వదల్లేదు. ఎండలో గంటకు పైగా సదానందం బడి గేటు ముందు ఆ పట్టులోనే నిలబడ్డాడు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి, కోడి దొంగ దొరికాడా అని కానిస్టేబుల్‌ను అడిగి పోయారు. పైన నర్మద లెక్క పూర్తి చేసింది. రెండో మనిషికి పదిహేను రోజులు పడుతుందని తేలింది. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు, అయినా రాసింది. ఆ పేపరులో ఆమె పాసైంది. ఆ సంగతి తెలియడానికి ఇంకా చాలా రోజులు పట్టింది గానీ, గంట కొట్టి పేపరు ఇచ్చేసి మెట్లు దిగుతున్నప్పుడే ఆమెకు ఆ నమ్మకం కలిగింది.

ట్రాలీలో ముందు సీటు నర్మదకు ఇచ్చారు.  ఇంటి ముందు దిగేసరికి విరిగిన తలుపు పక్కన, తడిసిన టీవీ పక్కన, ఉతికిన చొక్కా వేసుకున్న ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. నరేశ్ మాడిన కుక్కర్‌ను చేతుల్లో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నేను నీళ్ళు పొయ్యలేదవ్వా," అన్నాడు వాడు చిన్నగా.

"అంగన్‌వాడీల మూడేండ్ల పోరగాళ్ళకు తిన్న పల్లెం తీసుడు నేర్పిన. నిన్ను మాత్రం మంచం మీద కూసోబెట్టి చదివిపిచ్చిన," అంది నర్మద. "తప్పు నాది. ఇగ జెయ్య."

ఆ కొత్త మనిషి అంబదాస్. ట్రాలీ వెనకనుంచి దిగుతున్న సదానందాన్ని చూసి చేతులు చాచి ఉరికొచ్చాడు.

"అరే వస్తాద్! కాయ్ ఝాలే? ఏమైంది బాబా, ఇల్లు గిట్లున్నది?" తర్వాత నర్మద వైపు తిరిగి దండం పెట్టాడు. "వహినీ, ఫికర్ చెయ్యకుండ్రి. వంటిల్లు పోతె పోయింది, వాకిట్ల మూడు రాళ్ళు పెడదాం. వస్తాద్ ఉండంగ మనకేం తక్కువ? పొద్దటి సంది చాయ్ గూడ తాగలే నేను, వస్తాద్ చేతి కూర తిందామని."

సదానందం వెనకనుంచి చేతులు ఊపుతూ సైగలు చేస్తున్నాడు. అంబదాస్‌కు అవి అర్థం కాలేదు.

"ఎవరి చేతి కూర?" అంది నర్మద.

"మీ ఆయన చేతిది! ఏంది, మీకు వండి పెట్టడా? లేబర్ క్యాంపుల వంటంత వస్తాద్‌దే గద వహినీ. మేం పదహారు మందిమి షిఫ్టులు మార్చుకున్నం గని ఆయన్ని వంట దగ్గరికెల్లి కదలనియ్యలేదు. శుక్రారం బిర్యానీ వండితె పక్క బిల్డింగుల మలబారోళ్ళు గూడ పల్లేలు పట్టుకొని లైన్ల నిలబడేది. ఉల్లిగడ్డ కోస్తుంటె చూడాలె, కండ్లు మూసుకొని కోస్తడు."

వాకిట్లో ఒక్కరూ కదల్లేదు. కోడి కూడా అలసిపోయి ఊరుకుంది.

నర్మద మెల్లగా మొగుడి వైపు తిరిగింది. పన్నెండేళ్ళు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "మీకేంది, ఇంట్ల కమ్మగ తింటరు, నాకు గీడ ఎండిన రొట్టే" అనేవాడు. ఆ మాట విన్న పూట ఆమెకు ముద్ద దిగేది కాదు. దుబాయి పోయే ప్రతి మనిషి చేతికీ మామిడి తొక్కు, సకినాలు కట్టి పంపింది. ఆయన ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. గ్లాసుడు జావ కాచివ్వమంటే, పొయ్యి ముట్టించడం రాదన్నాడు. గోడ పట్టుకుని లేచి, తన జావ తానే కాచుకుని, ఆయనకు చాయ్ పెట్టి మళ్ళీ పడుకుంది. ఆ గోడ ఇప్పుడు మసి పట్టి ఎదురుగానే ఉంది.

"నిన్న ఉల్లిగడ్డకు పొట్టు తియ్యాల్నా అని అడిగితివి," అంది నర్మద. గొంతు పెద్దగా లేదు. సదానందం ఆమె అరిస్తే బాగుండుననుకున్నాడు.

"అది గాదే..."

"ఏది గాదు? నాకు జరమొచ్చిన నాడు ఏమన్నవ్? ఫోన్‌ల ఎండిన రొట్టె అంటివి. నీ రొట్టెను తలుసుకొని నేను ఏండ్లకేండ్లు ఏడ్సిన. నా ఏడుపు ఏడికి పోవాలె?"

"గీడ ఒక్కసారి వండితె ఇగ రోజు వండుమంటవనుకున్న," అన్నాడు సదానందం, నేల చూస్తూ. "ఊరోళ్ళు గూడ నవ్వుతరు గదా."

నిజం ఇంతే. ఒక ఇల్లు మాడింది, ఒక తలుపు విరిగింది, ఒక టీవీ పోయింది, ఒక మనిషి జీవితం ఇంకోసారి చేజారబోయింది. అన్నిటికీ కారణం ఒక్కటే, ఊరివాళ్ళు నవ్వుతారని. ఊరివాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు, అందరికీ ఆకలవుతోంది.

నర్మద కుర్చీ లాక్కుంది. ఆయన ప్లాస్టిక్ కుర్చీనే. వాకిలి నడిమధ్య వేసుకుని కూర్చుంది.

"వండు," అంది.

"అందరి ముందటనా?"

"అందరి ముందటనే. నా కోసమని గింతమంది ఉర్కొచ్చిండ్రు, ఆకలితో పంపుతమా? కొమురెల్లి అన్నా, గీ కోడొక్కటి సరిపోదు, ఇంక నాలుగు తే. సాంబయ్యా, రాళ్ళు పెట్టు. నరేశ్, ఫోన్ నాకియ్యి. మీ బాపు పక్కన కూసొని ఆయనేం జేస్తుండో చూసి నేర్సుకో. రేపు పొద్దుగాల నువ్వు వండాలె."

బాలలక్ష్మి తన ఇంట్లోంచి బియ్యం, నూనె, మసాలా, గిన్నెలు మోసుకొచ్చింది. సదానందం బావమరిది వైపు చూశాడు. సాంబయ్య ఊరికే కాలర్ వైపు చూశాడు. సదానందం చొక్కా చేతులు మడిచాడు.

మొదట కాసేపు తడబడినట్టు నటించాడు గానీ ఎక్కువసేపు నిలవలేదు. కత్తి చేతికి రాగానే ఉల్లిగడ్డలు వాటంతటవే ముక్కలై రాలిపడ్డాయి. చూపు మంట మీద, చేయి ఉల్లిగడ్డల మీద, నోరు కొడుకు మీద పనిచేశాయి. "మసాల పచ్చివాసన పోయేదాంక కలుపుతనే ఉండాలె. అగో, నూనె పైకి తేలింది చూడు, ఇప్పుడు ముక్కలెయ్యాలె. బగార అన్నంల నీళ్ళు కొలిచి పొయ్యాలెరా, కొలిచి!" నరేశ్ మొదటిసారి తలెత్తి చూశాడు. వాడికి అది నచ్చుతున్నట్టే ఉంది. వాడ మొత్తం వాసన పాకింది. గోడల మీదినుంచి చూస్తున్నవాళ్ళు కూడా దిగి వచ్చి వరసలో కూర్చున్నారు.

అందరికీ వడ్డించాక నర్మద ముందు విస్తరి వేశారు. మొగుడు పెట్టిన అన్నం ఆమె పెళ్ళయ్యాక అదే మొదటిసారి తినడం. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద పెట్టుకుంది. సదానందం గరిటె పట్టుకుని, పరీక్ష ఫలితం కోసం చూసేవాడిలా నిలబడ్డాడు.

"మంచిగున్నదా?" అని అడిగాడు.

చాలా బాగుంది. తాను ఇన్నేళ్ళలో ఏనాడూ ఇంత బాగా వండలేదని నర్మదకు తెలిసింది. కంటిలో నీళ్ళు తిరిగాయి, కారం వల్ల కాదు. ఆమెకు అప్పటిదాకా ఉన్న కోపం ఏమంత పెద్దది కాదనిపించేంత కోపం వచ్చింది. ఇంకొంచెం కూర వేయమని విస్తరి ముందుకు తోసింది.

ఆ పక్కనే బాలలక్ష్మి తింటూ తింటూ ఆగిపోయింది. కూర వైపు చూసింది, సదానందం వైపు చూసింది, తర్వాత చాలా నెమ్మదిగా తలతిప్పి తన మొగుడి వైపు చూసింది. ఆమెతో పాటు ఆ వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలలు తిప్పారు. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు.

"నువ్వు గూడ దుబాయిల ఎనిమిదేండ్లుంటివి గదా," అంది బాలలక్ష్మి. "నీకేమేమొస్తయి?"

చేయి కడుక్కోవడానికి లేవబోయిన కొమురెల్లి మళ్ళీ కూర్చుని, చాలాసేపు ఆలోచించి, చపాతీలు మాత్రమేనని ఒప్పుకున్నాడు.